ఎడమ చుట్టు

వాడి చొక్కాకి గుండీ ఊడితే ఊడింది. పిన్నీసు పెట్టుకుని తిరిగేవాడు, లేదంటే వాళ్ళమ్మ కుట్టేది. మధ్యలో మా చెల్లెలికెందుకు? సరే, కుట్టింది. ఆ కుట్టేదేదో నలుగురూ కుట్టినట్టు నాలుగు పోట్లు పొడిచి వదిలెయ్యొచ్చుగా. అది చేతకాదు దానికి. మా నాన్న నేర్పినట్టే కుట్టింది.

మా నాన్న దర్జీ. వీధి వైపు గది కొట్టు, వెనకాల రెండు గదులు ఇల్లు. కొట్లో రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, ఇస్త్రీపెట్టె, కొలతలిచ్చేవాళ్ళు ఎక్కి నిలబడే ఎత్తు పీట. నాన్న చొక్కాల కన్నా ఆయన గుండీలకే ఎక్కువ పేరు. నాలుగు కన్నాల గుండీకి ఎవరైనా ఇంటూ గుర్తులా దారం వేస్తారు. ఆయన ఒక్క కన్నం నుంచి మిగతా మూడింటికీ దారం పోనిస్తాడు. పైనుంచి చూస్తే కాకి కాలి అచ్చులా ఉంటుంది కాబట్టి మేం దాన్ని కాకికాలు అంటాం. తర్వాత గుండీకీ గుడ్డకీ మధ్య దారాన్ని మూడు చుట్లు బిగించి ముడిని లోపలికి లాగేస్తాడు. చొక్కా చిరిగి పోగులైనా ఆ గుండీ ఊడదు. ఊళ్ళో ఇంకెవరూ ఇలా కుట్టరు, అంత తీరిక ఎవరికీ లేదు.

ఆ కుట్టు ఆయన మా ఇద్దరికీ నేర్పాడు. నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. చెల్లెలిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఆ చేతి మీద స్కేలుతో ఎన్ని వడ్డించినా మారలేదు. చివరికి నాన్నే విసిగిపోయి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే, ఆయన కుడి చేత్తో చేసిందల్లా అది అద్దంలో బొమ్మలా ఎడమ చేత్తో చేసింది. అందుకని నాదీ నాన్నదీ చుట్టు కుడికి తిరిగితే దానిది ఎడమకి తిరుగుతుంది. అంతే తేడా. చూడ్డం తెలిసినవాళ్ళకి తప్ప కనబడదు. నాన్న దాన్ని పేరు పెట్టి పిలిచిన రోజు నాకు గుర్తు లేదు, పుర్రచెయ్యీ అనే పిలుస్తాడు.

అమ్మ పోయేటప్పటికి దానికి నాలుగేళ్ళు, నాకు పద్నాలుగు. దాని జడలు, దాని అన్నం, దాని జ్వరాలు అన్నీ నావే. నాన్నకి మా విషయంలో ఒకటే చట్టం. "చదువుకుంటానంటే చదువుకోండి, నేనేం కాదనను. మగపిల్లాడి పక్కన కనబడ్డ రోజున మాత్రం పుస్తకాలు అటక మీదికి, మీరు మిషన్ మీదికి." ఊరికే బెదిరించడానికి అన్న మాట కాదని చెప్పడానికి ఇంట్లో రుజువు కూడా ఉంది. ఆ రుజువు నేనే.

నాకు పదహారేళ్ళప్పుడు సైకిలు షాపు వాళ్ళబ్బాయితో పదకొండు రోజులు నడిచాను. నడవడమే, ఇంకేం లేదు. బడి నుంచి మార్కెట్ మూల దాకా. ఎవరైనా చూస్తే అనుమానం రాకుండా చెల్లెల్ని వెంట పెట్టుకుని వెళ్ళేదాన్ని, దాని నోరు మూయడానికి ఐస్‌పుల్ల కొనిపెట్టేదాన్ని. పదకొండో రోజు రాత్రి అది కంచం ముందు కూర్చుని, నాన్న అడక్కుండానే, "అక్క ఆ అన్నయ్య చెయ్యి పట్టుకుంది" అంది. మర్నాడు పొద్దున్నే నేను రెండో మిషన్ మీద కూర్చున్నాను. పదేళ్ళయింది, ఇంకా అక్కడే ఉన్నాను. అప్పుడు దానికి ఆరేళ్ళు, దానికేం తెలుసు అని నాకు నేను కొన్ని వందల సార్లు చెప్పుకుని ఉంటాను. చెప్పుకున్నంత మాత్రాన కడుపులో మంట చల్లారదు.

ఇప్పుడు దానికి పదహారు. వాడి సంగతి మొదట నాకే చెప్పింది. "నీకొక్కదానికే చెప్తున్నా అక్కా" అంది. బడిలో అందరూ వాణ్ణి పొడుగోడు అంటారట. చేతులు చొక్కాలోంచి జానెడు బయటికొచ్చి వేలాడుతుంటాయి. ఇద్దరూ లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, వాడు దాన్ని లెక్కలు అడుగుతాడు, అది చెబుతుంది. ఆఖరి బస్టాపులో ఎవరూ ఉండరు కాబట్టి అక్కడ కూర్చుని కబుర్లాడతారు. ఒకసారి వాడు దాని వేళ్ళ మీద సూది గుచ్చుకున్న మచ్చలు లెక్కపెట్టాడని చెబుతూ మొహం ఎర్రగా చేసుకుంది. నేను నవ్వాను. మూడు నెలల పాటు నాన్న అడిగినప్పుడల్లా "ట్యూషన్‌కి వెళ్ళింది" అని నేనే చెప్పాను. అదంతా అబద్ధపు ప్రేమ అనుకోవద్దు. దాని మొహం అలా వెలిగితే నాకు ఆనందంగానే ఉండేది.

ఆ మంగళవారం ఉత్తరం వచ్చింది. నాలుగు నెలల్లో పరీక్షలు రాసి పాసైతే చాలు, పై చదువుకి ఇంకో ఊళ్ళో హాస్టల్‌తో సహా దానికి సీటు ఇస్తారట. హెడ్మిస్ట్రెస్ పై వరకూ రాసి తెప్పించిన సీటు. నాన్న ఉత్తరాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివినట్టు నటించి నాకిచ్చాడు. నేను పైకి చదివాను. అది నన్ను వాటేసుకుని గదంతా తిప్పింది. అలా తిరుగుతున్నప్పుడు నాకు రెండు మిషన్లూ, బల్లా, పీటా, నాన్నా కనబడ్డారు. ఇది వెళ్ళిపోతే ఈ గదిలో ఇంక నేనూ ఆయనా. ఆయన పోయాక నేనొక్కదాన్నే. ఆ మాట అంతకు ముందు నాకు తట్టలేదు.

నాన్న చదివినట్టు నటించాడన్నాను కదా. రెండేళ్ళుగా ఆయన కళ్ళు మసకబారుతున్నాయి. డాక్టరు చుక్కల మందిచ్చి, ఇంతకన్నా తగ్గదు, పెరక్కుండా చూసుకోండి అన్నాడు. కత్తిరించడం చేతి అలవాటు మీద జరిగిపోతుంది, సన్నపని అంతా నాది. ఇది బయటికి పొక్కితే కొట్టుకి ఎవరూ రారు. అందుకని ఎంత దూరం పోయాయో నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. చెల్లెలు కూడా ఏదో చత్వారం అనుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం బస్సు కండక్టరు ఒకావిడ ఖాకీ యూనిఫాంలోనే హడావిడిగా వచ్చింది. సంచిలోంచి నాలుగు తెల్ల చొక్కాలు తీసి బల్ల మీద పడేసింది.

"మావాడు పెరిగిపోయాడండీ, చొక్కాలు ముంజేతుల దాకే వస్తున్నాయి. చేతుల మడత విప్పి ఎంత వస్తే అంత పొడుగు చెయ్యండి. శనివారం వాణ్ణి తీసుకొస్తా, సరిపోయాయో లేదో చూసుకుని పట్టుకెళ్తా" అంది.

ఎవరి చొక్కాలో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడ వెళ్ళాక నాన్న ఒక్కో చొక్కా చేతిలోకి తీసుకుని గుడ్డ తడిమి చూశాడు. మూడో చొక్కా గుండీల మీదుగా బొటనవేలు పోనిచ్చాడు. పైనుంచి రెండో గుండీ దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఇవి మనం కుట్టినవి కావు కదా" అన్నాడు.

"కాదు నాన్నా. రెడీమేడ్."

"మరి ఈ గుండీ మనింట్లోదే."

ఆయన చొక్కాని నా ఒళ్ళో పెట్టాడు. "కాకికాలు వేలికి తగులుతోంది. చుట్టు ఎటుందో నాకు కనబడదు. చూసి చెప్పు. నీదా, దానిదా?"

చూడక్కర్లేదు. అయినా చూశాను. చక్కగా ఉంది కుట్టు, దానికి నేనెప్పుడూ వంక పెట్టలేను. నాది అని చెప్పడం ఎంతసేపు? కండక్టరమ్మ పోయిన వారం దారిలో ఆగింది, ఊడిన గుండీ నేనే కుట్టిచ్చాను నాన్నా అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. ఇరవయ్యారేళ్ళదాన్ని, మిషన్ మీద ఉన్నదాన్ని, నన్ను ఇంకెక్కడ కూర్చోబెడతాడు? ఆ అబద్ధం నా నాలుక మీదే ఉంది. నాలుగు నెలలు నిలబడితే చాలు, అది గట్టెక్కేది.

"చుట్టు ఎడమకుంది నాన్నా" అన్నాను.

నోరు జారి అన్నానని ఎవరూ జాలిపడక్కర్లేదు. తెలిసే అన్నాను. అన్న క్షణంలో హాయిగా కూడా ఉంది, పదేళ్ళుగా పళ్ళ మధ్య ఇరుక్కున్నది ఊడి వచ్చినట్టు.

నాన్న తల ఊపాడు. ఇంతెత్తున లేస్తాడనుకున్నాను, లేవలేదు. సాయంత్రం అది ఇంటికొస్తే మామూలు కన్నా తియ్యగా మాట్లాడాడు. "హాస్టల్లో దుప్పట్లు వాళ్ళిస్తారా, మనమే పట్టుకెళ్ళాలా పుర్రచెయ్యీ?" అని అడిగాడు. అది మురిసిపోయి కాగితం తెచ్చుకుని జాబితా రాసింది. రెండు దుప్పట్లు, బకెట్టు, తాళం కప్ప. శుక్రవారం కూడా ఆ జాబితా పెరుగుతూనే ఉంది. నాన్న ఇంకేమైనా మర్చిపోయావేమో చూసుకోమని గుర్తు చేస్తూనే ఉన్నాడు. నేను వంటింట్లోంచి అంతా విన్నాను. ఆ రెండు రోజుల్లో దాని చెవిలో ఒక్క ముక్క వేసి ఉంటే వాడు శనివారం వచ్చేవాడు కాదు. వెయ్యలేదు.

శనివారం పదింటికి కండక్టరమ్మ కొడుకుతో వచ్చింది. కొట్లో అప్పటికే ప్యాంటు నడుము బిగించుకోవడానికొచ్చిన బ్యాంకు గుమాస్తా ఉన్నాడు. చెల్లెలు లోపల చదువుకుంటోంది. వాడు గుమ్మం దగ్గరే బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాడు. ఇది మా కొట్టని వాడికి తెలుసు, వాళ్ళమ్మ చొక్కాలు ఇక్కడిచ్చిందని తెలియదు.

"రా బాబూ, ఇది తొడుక్కుని పీట ఎక్కు" అన్నాడు నాన్న మర్యాదగా. మూడో చొక్కానే ఇచ్చాడు. వాడు ఎక్కాడు. నాన్న లోపలికి కేకేశాడు. "పుర్రచెయ్యీ, చిన్న కత్తెర, తెల్ల దారం పట్టుకురా."

అది వచ్చింది. పీట మీద వాణ్ణి చూసింది, పక్కన వాళ్ళమ్మని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"ఈ రెండో గుండీ ఎవరో పనికిమాలినవాళ్ళు కుట్టారు. విప్పి మళ్ళీ కుట్టు" అన్నాడు నాన్న.

"చొక్కా విప్పమను నాన్నా, కుట్టిస్తా."

"అక్కర్లేదు. ఒంటి మీదే కుట్టు. ఎలాగూ అలవాటేగా."

గుమాస్తాకి ఏం అర్థమైందో కానీ పళ్ళికిలించాడు. అది కదల్లేదు. అది తెచ్చి బల్ల మీద పెట్టిన కత్తెర తీసి నాన్న దాని చేతిలో పెట్టాడు. అది వాడి గుండెకెదురుగా నిలబడి, ఊపిరి కూడా వినబడేంత దగ్గరగా, తను కుట్టిన మూడు చుట్లూ ఒక్కొక్కటే కత్తిరించింది. గుండీ కింద పడి దొర్లిపోయింది. నాన్న అది ఏరమన్నాడు. అది వంగి వాడి కాళ్ళ దగ్గర వెతికి ఏరింది. సూది అందుకుంది.

"కుడి చేత్తో" అన్నాడు నాన్న.

"నాకు రాదు నాన్నా."

"ఇవాళ వస్తుంది."

కుడి చేత్తో సూది పట్టుకోవడం దానికి నిజంగానే రాదు. రెండు పోట్లు ఎలాగో వేసింది. మూడోది చొక్కా దాటి వాడి ఒంట్లోకి దిగింది. వాడు అబ్బా అన్నాడు. తెల్ల గుడ్డ మీద కందిగింజంత ఎర్రటి చుక్క వచ్చింది. కండక్టరమ్మ ముందుకొచ్చింది.

"ఏంటండీ ఇది? ఆ పిల్లకి చేతకాకపోతే మీరు కుట్టొచ్చుగా."

"మీవాడికి మా అమ్మాయి కుట్టే నచ్చిందటమ్మా" అన్నాడు నాన్న. "నాకు చెప్పకుండా చేయించుకున్నాడు. ఎక్కడ చేయించుకున్నాడో, ఒంటి మీదుండగా చేయించుకున్నాడో విప్పి చేయించుకున్నాడో మీరే అడగండి."

ఆవిడ మొహం మాడిపోయింది. రోజంతా బస్సులో జనంతో పోట్లాడే మనిషి, గొంతు పెంచకుండానే అడిగింది. "ఈ పిల్ల నీకు తెలుసారా?"

అది తలెత్తి వాడి మొహంలోకి చూస్తోంది. అంత భయంలోనూ దానికి ఒక ధీమా ఉంది, వాడేదో అంటాడని. ఆ ధీమా చూస్తే నాకే జాలేసింది.

"క్లాసులో ఉంటుందమ్మా" అన్నాడు వాడు. "నాకేం తెలీదు. అడిగినవాళ్ళందరికీ కుడుతుంది."

గుమాస్తా ఈసారి పైకే నవ్వాడు. కండక్టరమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని పీట మీంచి లాగింది, మిగతా చొక్కాలు సంచిలో కుక్కుకుని, "ఆడపిల్లని అదుపులో పెట్టుకోండి" అని వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. సగం కుట్టిన గుండీ దారంతో వేలాడుతూనే వెళ్ళింది.

"విన్నావుగా" అన్నాడు నాన్న దానితో. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. గుమాస్తా నడుముకి టేపు చుట్టి కొలత చెప్పాడు. నేను రాసుకున్నాను. సోమవారం దాని పుస్తకాలు అటకెక్కాయి. హెడ్మిస్ట్రెస్ రెండుసార్లు మనిషిని పంపింది, ఒకసారి తనే వచ్చింది. "మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం" అని నాన్న ఆవిడకి కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆ శనివారం సాయంత్రమే అది వంటింట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. వాడి కోసం కన్నా హాస్టల్ కోసమే ఎక్కువ ఏడ్చింది.

"నాన్నకెలా తెలిసిందక్కా? ఆ గుండీ నాదని ఎలా కనిపెట్టాడు?"

"ఆయన వేళ్ళకి తెలియనిదేముంది."

"నిన్నేం అడగలేదా?"

"లేదు."

"అడిగి ఉంటే నీదని చెప్పేదానివి, నాకు తెలుసు" అంది. నేను దాని జుట్టు నిమిరాను. అది అలాగే నిద్రపోయింది. ఇంక ఎక్కడికీ వెళ్ళదు అనుకున్నాను, అనుకుంటే మనసు కుదుటపడింది. రెండు మిషన్లు, ఇద్దరం. మధ్యాహ్నం కలిసి టీ తాగొచ్చు. దాని కోపం నాన్న మీద ఉంటుంది, నా మీద ఉండదు. ఇంతకన్నా సుఖంగా ఏ పాపమూ కుదిరి ఉండదు.

తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. అది నా మిషన్ మీద కూర్చుంది, నేను నాన్న మిషన్‌కి మారాను. నాన్నకి ఇప్పుడు మిషన్ అక్కర్లేదు. ఆయనకి కావలసింది ఇంకో జత కళ్ళు, అవి దొరికాయి. ఆ గుండీ దొరక్కపోతే ఇంకేదో వెతికి ఉండేవాడేమోనని నాకు అప్పుడు అనిపించింది. పదో రోజు ఒకాయన గుండీ ఊడిందని చొక్కా వెనక్కి తెచ్చాడు. మా ఇంటి గుండీ ఊడటమంటే నాన్నకి తల కొట్టేసినట్టే. ఆయన మిగతా గుండీల మీద వేలు పోనిస్తూ, నేను వంటింట్లో ఉన్నాననుకుని, దాన్ని పిలిచాడు.

"చుట్టు ఎటుందో నాకు కనబడి చావదు. చూసి చెప్పు పుర్రచెయ్యీ. ఇది నీ పనా, దాని పనా?"

నేను టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను. అది చొక్కా అందుకోలేదు. ఆయన కళ్ళలోకి చూసింది. వాటి ముందు వేళ్ళు ఆడించింది, ఆయన రెప్ప వెయ్యలేదు. తర్వాత తిరిగి నన్ను చూసింది. దానికి లెక్కలు బాగా వచ్చని చెప్పాను కదా, ఎంతోసేపు పట్టలేదు.

నన్ను ఏమీ అడగలేదు. అరవలేదు. నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని "థాంక్సండీ" అంది. ఎగతాళి చేస్తోందనుకున్నాను. రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. దాని మంచం పక్కనే నా మంచం, పొద్దున లేస్తే ఒకే అద్దం. ఆ అద్దంలో నా వెనక ఆగి, "మీరు దువ్వుకోండి, నేను తర్వాత వస్తా" అని పక్కకి వెళ్ళేది. నేను ఒకసారి జబ్బ పట్టుకుని నిలదీశాను. నీకు ఆరేళ్ళప్పుడు నువ్వేం చేశావో తెలుసా అని మొత్తం చెప్పాను. అది చివరి దాకా ఓపిగ్గా విని, "నాకు గుర్తు లేదండీ" అంది. నిజంగానే గుర్తు లేదు. అది చూస్తే తెలుస్తోంది. పదేళ్ళు నేను ఒక్కదాన్నే మోసుకు తిరిగాను.

పరీక్షల మొదటి రోజు బడి పిల్లలు తెల్ల చొక్కాల్లో కొట్టు ముందు నుంచే వెళ్ళారు. అది తల ఎత్తలేదు, కాజాలు కుడుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ కూతురి గౌను పట్టుకుని వచ్చింది. కొలతలిస్తూ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆవిడ మీ అక్కేనా? ముక్కు అచ్చంగా ఒకేలా ఉంది" అంది దానితో.

"కాదండీ" అంది మా చెల్లెలు, దారం పంటితో కొరుకుతూ. "ఇక్కడ పని చేస్తారు."

చేస్తుంది అనలేదు, చేస్తారు అంది. పరాయివాళ్ళని మీరు అనాలని దానికి చిన్నప్పుడు నేర్పింది నేనే.